టు అనాలా, ఇంగ్ అనాలా?

దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. ఆ వేయించిన పల్లీల గిన్నె మధ్యలో పెట్టండి, అందరి చేతికీ అందాలి. ఈ పూట నక్షత్రాల కబుర్లు, చీమల కబుర్లు పక్కన పెట్టి భాష కబుర్లు చెప్పుకుందాం. భాష కూడా సైన్సేనా అని చిన్నదాని మొహంలో అనుమానం కనిపిస్తోంది. సైన్సే తల్లీ. జనం ఎలా మాట్లాడుతున్నారో చెవొగ్గి వినాలి, విన్నవాటిలో వరస వెతకాలి, ఆ వరస ఎందుకు వచ్చిందా అని తవ్వుకుంటూ పోవాలి. సైన్సు అంటే అంతకన్నా ఏముంది?

సంగతేమిటంటే, మన పెద్దోడు ఉద్యోగానికి అర్జీ రాశాడు. చివర్లో ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని ముగించాడు. వాడితో చదువుకున్న అమ్మాయి అది చూసి, మీట్ తీసేసి మీటింగ్ అని దిద్దుకోమందట. ‘టు తర్వాత ఇంగ్ ఎలా వస్తుంది తాతయ్యా? టు గో, టు ఈట్, టు స్లీప్ అనే కదా బడిలో చెప్పారు!’ అని నా దగ్గరికి వచ్చాడు. ఇంత మంచి సందేహం వచ్చినప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపెయ్యడం నాకు ఇష్టం ఉండదు. కాస్త చుట్టు తిరిగి వెళ్దాం. దారిలో చూడాల్సినవి చాలా ఉన్నాయి.

ఇంగ్లీషులో ఒక క్రియ పక్కకు ఇంకో క్రియ వచ్చిందంటే, ఆ రెండోది మామూలుగా రెండు వేషాల్లో ఒకటి కట్టుకుని వస్తుంది. ‘ఐ వాంట్ టు గో’ అన్నప్పుడు ముందు టు పెట్టుకుంటుంది. దీన్ని ఇన్ఫినిటివ్ అంటారు. ‘ఐ ఎంజాయ్ గోయింగ్’ అన్నప్పుడు వెనక ఇంగ్ తగిలించుకుంటుంది. దీన్ని జెరండ్ అంటారు. ఈ పేర్లు పరీక్షకు పనికొస్తాయి. మనం మాత్రం టు రూపం, ఇంగ్ రూపం అనుకుందాం. వాంట్, హోప్, డిసైడ్, ప్లాన్, ప్రామిస్, రెఫ్యూజ్, వీటి పక్కన టు రావాలి. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, డినై, కీప్, ప్రాక్టిస్, వీటి పక్కన ఇంగ్ రావాలి. వ్యాకరణం పుస్తకాల్లో ఈ చిట్టాలు రెండు వరసల్లో వేసి ఉంటాయి, మీరేమో కంఠతా పడతారు. పరీక్ష అయిన వారానికి ఏది ఏ వరసలోదో అంతా కలగాపులగం. కారణం తెలియని చిట్టా ఎవరికి మాత్రం గుర్తుంటుంది!

కారణం ఉంది. పైగా అది మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు, తెలుగులో.

ఎలాగంటారా? ఊరికి బయల్దేరతాం. సంచులు, నీళ్ళ సీసాలు, దారిలోకి పులిహోర, అన్నీ సర్దుకుని బస్సెక్కుతాం. బస్సు పొలిమేర దాటగానే మీ నాన్నమ్మ గుండె గుభేలుమంటుంది. ‘తాళం వేశామంటారా?’ అంటుంది. ‘వేసినట్టు గుర్తుందే’ అంటాను నేను. ఇంకోసారి వెళ్ళినప్పుడు నేను అడగకముందే ‘ఈసారి తాళం వెయ్యాలని గుర్తు పెట్టుకుని మరీ వేశాను’ అంటుంది. ఈ రెండు గుర్తులూ ఒకటేనా? వేసినట్టు గుర్తుండడం అంటే పని అయిపోయింది, దాని బొమ్మ మనసులో నిలిచింది. మనసు వెనక్కి చూస్తోంది. వెయ్యాలని గుర్తుండడం అంటే పని ఇంకా జరగలేదు, జరగాల్సి ఉందన్న ఎరుక ఉంది. మనసు ముందుకు చూస్తోంది. ఇంగ్లీషువాళ్ళకు రెండింటికీ రిమెంబర్ ఒక్కటే. మరి తేడా ఎక్కడ చూపిస్తారు? పక్కన వచ్చే క్రియలో. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు గుర్తుంది. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్’ అంటే మర్చిపోకుండా తాళం వేశాను. మనం వేసినట్టు, వెయ్యాలని అని చెప్పుకునే తేడాను వాళ్ళు ఇంగ్‌తో, టుతో చెప్పుకుంటున్నారు. అంతే!

ఒక్క పోలిక చెప్పనివ్వండి. రైతు ఇంట్లో వడ్లు రెండు చోట్ల ఉంటాయి. గాదెలో పోసినవి కొన్ని, విత్తనాలకని విడిగా మూటకట్టి దాచినవి కొన్ని. గింజ ఒకటే. కానీ గాదెలో గింజ పండిన పంట. దోసిట్లోకి తీసుకోవచ్చు, కుంచంతో కొలవచ్చు, నచ్చితే వండుకోవచ్చు, వద్దనుకుంటే పక్కన పెట్టొచ్చు. మూటలో గింజను చూస్తే మాత్రం మనసు పండబోయే పంట మీదికి పోతుంది. అది పండొచ్చు, పండకపోనూ వచ్చు. ఇంగ్ రూపం గాదెలో గింజ, టు రూపం మూటలో గింజ. అమెరికాలో డ్వైట్ బోలింజర్ అని పెద్ద భాషాశాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన 1968లో రాసిన ఒక వ్యాసంలో ఈ తేడానే శాస్త్రీయంగా తేల్చాడు. ఇంగ్ రూపం పనిని ఉన్న వస్తువులా చూపిస్తుంది, టు రూపం దాన్ని ఇంకా ఊహలో ఉన్నదానిగా చూపిస్తుంది అని దాని సారం. ఇంగ్లీషు పాఠాలు చెప్పే పంతుళ్ళు దీన్ని ఇప్పటికీ బోలింజర్ సూత్రం అంటుంటారు.

ఈ కళ్ళతో ఆ పాత చిట్టాలను మళ్ళీ చూడండి. కోరుకునేవాడు, ఆశపడేవాడు, నిర్ణయించుకునేవాడు, మాట ఇచ్చేవాడు, వీళ్ళందరి చూపూ రాబోయే పని మీదే. అందుకే వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్ పక్కన టు. ఆనందించాలంటే ముందు ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. ముగించాలంటే మొదలైన పని ఒకటి చేతిలో ఉండాలి. చెయ్యలేదని బుకాయించాలన్నా, చేశావన్న ఆరోపణ ఒకటి ముందు ఉండాలి. అందుకే ఎంజాయ్, ఫినిష్, డినై పక్కన ఇంగ్. ఎంత ముద్దుగా కుదిరిందో చూశారా! నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా సంతోషమే.

ఇంకా సరదా ఏమిటంటే, కొన్ని క్రియలు రెండు రూపాల్నీ రానిస్తాయి, కానీ అర్థం మారిపోతుంది. ‘తాతయ్య స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అంటే డాక్టరు చెప్పాడనో ఏమో తాతయ్య టీ మానేశాడు. ‘తాతయ్య స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అంటే సంతకు వెళ్తూ వెళ్తూ టీ తాగడానికి ఆగాడు. ఒకదాంట్లో టీ బంద్, రెండోదాంట్లో టీ చేతికొచ్చింది. పూర్తిగా ఎదురెదురు అర్థాలు!

ట్రై సంగతి నాకు మరీ ఇష్టం. ‘ట్రై టు ఓపెన్ ద విండో’ అంటే కిటికీ బిగుసుకుపోయింది, తెరవడానికి ప్రయత్నించు. వస్తుందో రాదో తెలీదు. ‘ట్రై ఓపెనింగ్ ద విండో’ అంటే కిటికీ తెరిచి చూడు, కాస్త గాలాడుతుందేమో. ఇక్కడ తెరవడం కష్టమేమీ కాదు, తెరిస్తే ఉక్కపోత తగ్గుతుందా లేదా అన్నదే పరీక్ష. మన తెలుగులో ‘చూడు’ అన్న మాట ఈ పనిని ఎంత అందంగా చేస్తుందో గమనించారా? పులుసు చప్పగా ఉందా, ఇంకాస్త ఉప్పు వేసి చూడు. జలుబు తగ్గలేదా, మిరియాల పాలు తాగి చూడు. ఈ ‘వేసి చూడు, తాగి చూడు, అడిగి చూడు’ అన్నవన్నీ ఇంగ్లీషులోకి వెళ్తే ట్రై పక్కన ఇంగ్ అవుతాయి. ట్రై ఆడింగ్, ట్రై డ్రింకింగ్, ట్రై ఆస్కింగ్. చెయ్యడానికి ప్రయత్నించడం అయితే ట్రై టు. ఈ ఒక్కటి పట్టుకుంటే ట్రైతో మీకు జన్మలో తప్పు రాదు.

రిగ్రెట్ కూడా అంతే. ఆఫీసు ఉత్తరాల్లో ‘వి రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యూ’ అని వస్తుంది. చెడ్డ కబురు ఇంకా చెప్పలేదు, చెప్పబోతున్నాం అని దాని భావం. ‘ఐ రిగ్రెట్ టెలింగ్ హిమ్’ అంటే వాడితో చెప్పేశాను, ఎందుకు చెప్పానా అని బాధపడుతున్నాను.

ఇప్పుడు మీకో తెలుగు పరీక్ష నేర్పుతాను. ఇంగ్లీషు వాక్యం రాసేముందు మనసులో తెలుగులో అనుకోండి. ‘వెళ్ళాలని ఉంది’, ‘వెళ్ళాలని నిర్ణయించుకున్నాను’, ‘వస్తానని మాట ఇచ్చాను’, ‘రావడానికి ఒప్పుకున్నాడు’, ఇలా ‘ఆలని’, ‘తానని’, ‘డానికి’ వినిపిస్తే చాలావరకు టు వేసుకోవచ్చు. ‘చదవడం మానేశాడు’, ‘పాడటం ఆనందం’, ‘రాయడం పూర్తయింది’, ‘మాట్లాడుతూనే ఉంది’, ఇలా ‘డం’, ‘తూ’ వినిపిస్తే చాలావరకు ఇంగ్ సరిపోతుంది. మనం ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు తెలుగును గుమ్మం బయట నిలబెట్టి రమ్మంటారు కొందరు. నేను ఒప్పుకోను. అమ్మ భాషలో ఉన్న తెలివిని వాడుకోకుండా పరాయి భాష ఎక్కడ పట్టుబడుతుంది?

అయితే చాలావరకు అన్నానే, ఆ మాట మరిచిపోవద్దు. తెలుగు తోవ చూపించినట్టే చూపించి తప్పించే చోట్లు కొన్ని ఉన్నాయి. మనం తప్పులు చేసేదీ సరిగ్గా అక్కడే. ‘తాళం వేయడం మర్చిపోయాను’ అంటాం. డం ఉంది కదా అని ‘ఐ ఫర్గాట్ లాకింగ్’ అని రాస్తే, తాళం వేశాను గానీ వేసిన సంగతి మర్చిపోయాను అని అర్థం వస్తుంది. అక్కడ ‘ఫర్గాట్ టు లాక్’ అనాలి. ‘ఈత కొట్టడం నేర్చుకున్నాను’ అంటాం. ఇంగ్లీషులో అది ‘లెర్న్డ్ టు స్విమ్’. ‘ఆగడానికి నాకేం అభ్యంతరం లేదు’ అంటాం. డానికి ఉన్నా ఇంగ్లీషులో ‘ఐ డోంట్ మైండ్ వెయిటింగ్’. ఇక సజెస్ట్ అయితే మనవాళ్ళలో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని కూడా తికమక పెడుతుంది. ‘గుడికి వెళ్దామని సూచించాడు’ అన్నదాన్ని ‘హి సజెస్టెడ్ టు గో’ అనో, ‘సజెస్టెడ్ మీ టు గో’ అనో రాసేస్తుంటారు. రెండూ కుదరవు. ‘హి సజెస్టెడ్ గోయింగ్ టు ద టెంపుల్’ అనాలి. ఈ నాలుగింటినీ, ఫర్గెట్, లెర్న్, మైండ్, సజెస్ట్, విడిగా గుర్తు పెట్టుకోండి. పెద్ద చిట్టాలు బట్టీ పట్టే బదులు, మన తెలుగుకు ఎదురు తిరిగే ఈ చిన్న చిట్టా నయం.

ఇక పెద్దోడి సందేహం దగ్గరికి వద్దాం. దానికి వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పటి ఇంగ్లీషు ఇప్పటివాళ్ళు చదివితే ముక్క అర్థం కాదు. ఆ రోజుల్లో టు అంటే ముఖ్యంగా ‘వైపు’, ‘కు’ అనే. ఊరికి, ఇంటికి అన్నట్టు. తాగడానికి అని చెప్పాలంటే ‘టో డ్రింకెన్నె’ అనేవాళ్ళు. ఆ చివరి ‘ఎన్నె’ అన్నది మన విభక్తి ప్రత్యయం లాంటిదే. అంటే తాగడం అన్న పేరుకు ‘కి’ చేర్చి తాగడానికి అని మనం చేసుకున్నట్టే వాళ్ళూ చేసుకున్నారు. వాళ్ళ భాషకూ మన భాషకూ చుట్టరికం లేదు. అయినా ఒక పని కోసం బయల్దేరడమూ, ఒక ఊరి వైపు బయల్దేరడమూ ఇద్దరికీ ఒకేలా తోచింది! కాలం గడిచిన కొద్దీ ఆ ‘ఎన్నె’ అరిగిపోయింది, టు డ్రింక్ మిగిలింది. టు ఎందుకు ముందుకే చూస్తుందో ఇప్పుడు తెలిసిందా? పుట్టుకతోనే అది దారి చూపే మాట.

ఇంగ్ పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో క్రియ నుంచి పేరు చెయ్యడానికి ‘ఉంగ్’, ‘ఇంగ్’ అని చేర్చేవాళ్ళు. నేర్చుకోవడాన్ని ‘లెయోర్నుంగ్’ అనేవాళ్ళు, అదే నేటి లెర్నింగ్. ‘తాగుతూ’ అని చెప్పడానికి వేరే ప్రత్యయం, ‘ఎండె’, ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో ఆ రెండూ ఉచ్చారణలో దగ్గరై, కలిసిపోయి, ఒక్క ఇంగ్ అయ్యాయి. మన ‘డం’, ‘తూ’ రెండింటికీ వాళ్ళకు ఇంగ్ ఒక్కటే ఎందుకుందో చెప్పే కథ ఇదీ. మొత్తానికి ఇంగ్ రూపం పుట్టుకతో నామవాచకం. నామవాచకం నిలబడగలిగిన చోటల్లా అది నిలబడుతుంది. అందుకే ఇన్, ఆఫ్, అట్, వితవుట్ లాంటి మాటల తర్వాత ఎప్పుడూ ఇంగే. ‘వితవుట్ ఈటింగ్’, ‘ఫాండ్ ఆఫ్ రీడింగ్’.

మరి లుకింగ్ ఫార్వర్డ్ టు? అక్కడున్న టు క్రియకు తోడుగా వచ్చిన టు కాదు నాన్నా. ఆ పాత ‘వైపు’ టు. పండగ వైపు చూపు పెట్టుకున్నట్టు. పరీక్ష చాలా తేలిక. టు తర్వాత క్రియ తీసేసి ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఫెస్టివల్’ అంటే చక్కగా ఉంది. కాబట్టి అక్కడ నామవాచకమే రావాలి, క్రియ వస్తే ఇంగ్ వేసుకుని నామవాచకంలా రావాలి: లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ. అదే ‘ఐ వాంట్ టు ద మ్యాంగో’ అని చూడండి, చెవికే అడ్డం తగులుతుంది. కాబట్టి అక్కడ ఇంగ్ పనికిరాదు, ‘వాంట్ టు ఈట్’ అనాలి. ‘ఐ యామ్ యూస్డ్ టు ద హీట్’ అనొచ్చు, అందుకే ఎండలో పని చెయ్యడం అలవాటే అనాలంటే ‘ఐ యామ్ యూస్డ్ టు వర్కింగ్ ఇన్ ద సన్’. ముందు ఆ ‘యామ్’ లేకుండా ‘ఐ యూస్డ్ టు వర్క్’ అంటే ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు లేదు అని వేరే కథ.

ఈ ఇంగ్ ఊరుకునే రకం కూడా కాదు. కొన్ని వందల ఏళ్ళుగా అది టు ఉన్న చోట్లలోకి మెల్లమెల్లగా జరుగుతూ వస్తోంది. పాత పుస్తకాల్లో అవాయిడ్ పక్కన టు కూడా కనిపిస్తుంది, ఇప్పుడు ఇంగ్ తప్ప రానివ్వరు. పండితులు ఈ మార్పుకు గ్రేట్ కాంప్లిమెంట్ షిఫ్ట్ అని పెద్ద పేరే పెట్టారు. గాదె, మూట లెక్కతో అన్నీ ఎందుకు తేలవో దీన్నిబట్టి తెలుస్తుంది. పోస్ట్‌పోన్ చేసిన పని ఇంకా జరగనే లేదు కదా, మరి పోస్ట్‌పోన్ పక్కన ఇంగ్ ఎందుకు? పనిని ఒక వస్తువులా చేతిలోకి తీసుకుని పక్కన పెడుతున్నాం కాబట్టి అని సమాధానం చెప్పుకోవచ్చు. నాకు అది కొంతవరకే తృప్తినిస్తుంది. బిగిన్, స్టార్ట్ లాంటివాటి పక్కన ఏది వేసినా పెద్ద తేడా ఉండదు. జనం వందల ఏళ్ళు వాడి వాడి అరగదీసిన భాషలో సూత్రం నూటికి నూరు పాళ్ళు కుదరాలనుకోవడం అత్యాశ. చాలాచోట్ల కుదిరిందని సంతోషించాలి.

సూత్రం కుదరని చోట ఎవరినడగాలి? దానికీ ఒక మంచి కథ ఉంది. ఆల్బర్ట్ హార్న్‌బీ అని ఒక ఇంగ్లీషు మాస్టారు 1924లో జపానుకు పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. అక్కడి పిల్లల కష్టం అచ్చంగా మీ కష్టమే. నిఘంటువు తీస్తే మాటకు అర్థం దొరుకుతుంది, కానీ దాని పక్కన టు రావాలో ఇంగ్ రావాలో ఎవరూ రాయలేదు. ఇంగ్లండులో పుట్టినవాళ్ళకు ఆ సందేహమే రాదు కాబట్టి వాళ్ళ నిఘంటువుల్లో అది రాయాలని ఎవరికీ తోచలేదు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరితో కలిసి హార్న్‌బీ, నేర్చుకునేవాళ్ళ కోసమే ఒక నిఘంటువు తయారుచేశాడు. ఒక్కో క్రియ ఏ వరసలో నడుస్తుందో అందులో గుర్తులు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో, టోక్యోలో అది అచ్చయింది. యుద్ధం వల్ల ఆయన జపాను వదిలి రావాల్సి వచ్చినా పుస్తకం ఆగలేదు. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని మళ్ళీ అచ్చు వేశారు. మన ఇళ్ళల్లో లావుగా కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఆ పుస్తకం వారసురాలే. పరాయి దేశపు పిల్లల తడబాటును విని, ఇది వాళ్ళ తెలివితక్కువతనం కాదు, మన పుస్తకాల లోపం అని గ్రహించాడే, ఆ మాస్టారంటే నాకు చాలా గౌరవం.

కాబట్టి ఇకమీదట కొత్త క్రియ ఎదురైతే దాన్ని ఒంటరిగా నోటుపుస్తకంలోకి ఎక్కించకండి. పక్కన ఏ రూపం వస్తుందో దాన్నీ కలిపి రాసుకోండి: ఎంజాయ్ డూయింగ్, డిసైడ్ టు డూ. నిఘంటువులో అర్థం చూసి మూసెయ్యకుండా ఇంకో రెండు గీతలు కిందికి చదవండి. ఇవాళ పడుకునేముందు అలమారలోంచి ఆ లావు పుస్తకం తీసి అడ్మిట్ అన్న మాట చూడండి. ‘అడ్మిట్ డూయింగ్’ అని ఒకటి, ‘అడ్మిట్ టు డూయింగ్’ అని ఇంకొకటి, రెండూ ఉంటాయి. ఆ రెండోదాంట్లో ఉన్నది ఏ టు, దాని పక్కన ఇంగ్ ఎందుకు వచ్చింది, రేపు పొద్దున్న కాఫీల వేళకు వచ్చి నాకు చెప్పండి.